నీలం డబ్బాలో పెళ్లి

ఇల్లు మారుతున్నాం. మా అమ్మాయి అట్టపెట్టెల మీద నల్ల మార్కరుతో ‘వంటగది’, ‘దేవుడి గది’, ‘నాన్న చెత్త’ అని రాసుకుంటూ పోతోంది. మూడో పెట్టె మీద నాకు అభ్యంతరం ఉంది. నోరు విప్పేలోపే మార్కరు వాసన ముక్కుకు తగిలింది. స్పిరిట్ కలిసిన ఆ ఘాటు. తెనాలిలో మా పాత ఇంటి మేడగది, కిటికీ పక్కన కంప్యూటరు బల్ల, డిస్కులు రాసే రైటర్‌లోంచి అప్పుడే బయటికొచ్చి ఇంకా వెచ్చగా ఉన్న డిస్కు, దాని మీద వధూవరుల పేర్లు రాసి ఆరడానికి ఊదుతున్న నేను, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. పేరు రాయగానే వేలు తగిలిందంటే పెళ్లికొడుకు అలుక్కుపోయేవాడు. అందుకే డిస్కును అంచులతోనే పట్టుకోవడం అలవాటు. ఇప్పటికీ పళ్లెం ఇచ్చినా అలాగే పట్టుకుంటానని ఇంట్లో నవ్వుతారు.

‘నాన్న చెత్త’లో ఉన్నది డీవీడీ తర్వాత వచ్చిన బ్లూ-రే డిస్కులు రాసే రైటరు, సగం మిగిలిన డిస్కుల బొత్తి, కెమెరాను కంప్యూటరుకు కలిపే పొట్టి ఫైర్‌వైర్ తీగ ఒకటి, వీడియో కెమెరాలో వేసే మినీ డీవీ క్యాసెట్లు కొన్ని.

*

బోస్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. యజమాని మా నాన్నకు స్నేహితుడు. ఊళ్లో సగంమంది ఆయనను మావయ్య అనే పిలిచేవారు, నేనూ అంతే. ఆయన పెళ్లిళ్లు తీసేవారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేవరకు అనుకుంటూ మిక్సింగ్ పని, అంటే తీసిన వీడియోను కత్తిరించి కూర్చే పని, నేను ఇంట్లో పెట్టుకున్నాను. ఆ ‘వరకు’ చాలా ఏళ్లు సాగింది.

వీడియో క్యాసెట్ల కాలం నేను చూసిందే గాని చేసింది కాదు. నేను వచ్చేసరికి వీసీడీలు నడుస్తున్నాయి. పెళ్లి మొత్తం మూడు డిస్కులు. డిస్కు మార్చే సమయం సరిగ్గా మాంగల్యధారణ దగ్గరే వచ్చేది. ముసలివాళ్లు అది అపశకునమనేవారు. దాంతో అంతకుముందు వచ్చే గణపతి పూజను కాస్త కత్తిరించి, ముడి పడ్డాకే డిస్కు అయిపోయేలా లెక్క కుదిర్చేవాణ్ణి. తర్వాత డీవీడీ వచ్చింది. పెళ్లంతా ఒకే డిస్కులో పట్టేసరికి అందరికీ సంతోషం. నాకు తప్ప.

నా బాధ తలంబ్రాలు.

డీవీడీ మీద 4.7 జీబీ అని రాసి ఉంటుంది, కంప్యూటరు మాత్రం 4.37 అని చూపిస్తుంది. తయారీదారు వెయ్యి లెక్కన, కంప్యూటరు 1024 లెక్కన కొలుస్తాయి, అంతే తేడా. ఏ లెక్కన కొలిచినా మూడు గంటల పెళ్లిని అందులో కూర్చితే ధ్వనితో కలిపి సెకనుకు మూడున్నర మెగాబిట్లు కూడా దక్కవు. పురోహితుడు మంత్రం చదువుతుంటే ఆ మాత్రం చాలు. ఆయన కదలడు, వెనక పందిరి కదలదు. మారని భాగాన్ని మళ్లీ మళ్లీ రాయకుండా, కదిలిన ముక్కను మాత్రమే రాసుకుని చోటు మిగుల్చుకోవడమే ఆ కుదింపు పద్ధతి కిటుకు. తలంబ్రాలు మొదలయ్యాయా, ఆ కిటుకు మట్టికొట్టుకుపోతుంది. పసుపు గింజలు వందలకొద్దీ, ఒక్కొక్కటి ఒక్కో దారిన ఎగురుతాయి. వాటి మధ్య థర్మోకోల్ పూసలు, మెరుపు కాగితాలు. పైనుంచి ఫోటో ఫ్లాష్‌లు. కుదింపుకు ఊపిరాడేది కాదు. పెళ్లికూతురు ముఖం చతురస్రాల గుట్టగా మారిపోయేది. పెళ్లంతటిలో ఆ పిల్ల మనసారా నవ్వేది ఆ నాలుగు నిమిషాలే, తెర మీద ముక్కలయ్యేదీ ఆ నాలుగు నిమిషాలే. పట్టుచీర జరీ అంచు మరో తలనొప్పి. సన్నటి గీతలు టీవీలో చీమలు పాకినట్టు కదిలేవి. కొనేటప్పుడు ఆ అంచు కోసమే గంటలు బేరమాడిన పెళ్లికూతురి తల్లి, వీడియో చూసి “చీరకేమైంది?” అని అడిగేది.

*

మావయ్య హెచ్‌డీ వీడియో తీసే హెచ్‌డీవీ కెమెరా కొన్న రోజు స్టూడియోలో కొబ్బరికాయ కొట్టారు. చూడటానికి అదే మినీ డీవీ క్యాసెట్టు, పాత కెమెరాలో పట్టేదే. దాని మీదే 1440 బై 1080 చుక్కల బొమ్మ పడుతుందంటే నమ్మడం కష్టమైంది. పాత 720 బై 576తో పోలిస్తే నాలుగింతలకు కాస్త తక్కువ.

తంటా అంతా క్యాప్చరింగ్‌లో ఉండేది. క్యాసెట్టు గంటసేపు ఉంటే కంప్యూటరులోకి ఎక్కడానికీ గంటే. తొందర పెట్టే దారి లేదు. పెళ్లికి అరడజను క్యాసెట్లుంటే ఆ రోజంతా అక్కడే. గంటకు 12 జీబీకి అటూ ఇటూ నిండేది. కెమెరా పొట్టలో టేపు తిరిగే సన్నని గరగర, ఆ పక్కనే హార్డ్ డిస్కు గొణుగుడు. నేను కింద అన్నం తింటున్నా ఒక చెవి మేడ మీదే ఉండేది. ఎందుకంటే పాత డీవీలో టేపు మీద ఒక మచ్చ ఉంటే ఒక్క ఫ్రేములో గీత పడి పోయేది. హెచ్‌డీవీలో ఫ్రేములు పన్నెండేసి గుంపులుగా ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి. మచ్చ పడితే అర సెకను బొమ్మ మొత్తం పోతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అర సెకను పోతే ఏం సమాధానం చెప్తారు?

మొదటి పెళ్లి క్యాప్చర్ అయ్యాక మావయ్య మేడెక్కి వచ్చి మానిటర్ ముందు కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. ఒకచోట ఆపమన్నారు. చదివింపుల బల్ల దగ్గర ఒకాయన నోటుపుస్తకంలో రాసుకుంటుంటే కెమెరా అలా ఆయన భుజం మీదుగా వెళ్లింది. పేర్లు, ఎదురుగా అంకెలు, 116, 516, 1116, అన్నీ అచ్చులో ఉన్నంత స్పష్టం.

“ఇది తీసేయరా,” అన్నారు మావయ్య. “ఎవరెంత చదివించారో ఊరంతా చదువుకుంటుంది.”

“బాగుంది కదా మావయ్యా, అక్షరం అక్షరం కనబడుతోంది.”

“అదే భయం.”

పెళ్లివారిని అడిగితే వాళ్లు మాత్రం ఉంచమన్నారు.

*

బ్లూ-రే మా దాకా రావడానికి కారణం అమెరికా సంబంధం. పెళ్లికొడుకు డల్లాస్‌లో ఉద్యోగం. “నా దగ్గర పీఎస్3 ఉంది, హెచ్‌డీ డిస్కు కావాలి” అని ముందే చెప్పాడు. పీఎస్3 అంటే బ్లూ-రే కూడా ఆడించే సోనీ గేముల యంత్రం. అప్పటికి డిస్కుల యుద్ధం ముగిసిపోయింది. ఒకవైపు సోనీ వాళ్ల బ్లూ-రే, మరోవైపు తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీ. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. మాలాంటి చిన్న ఊళ్ల వాళ్లకు అది మేలే అయింది. ఓడిపోయే రైటరు కొని నష్టపోయే ప్రమాదం తప్పింది.

విజయవాడలో అడిగితే తెప్పిస్తామన్నారు గాని ఎప్పటికో చెప్పలేదు. రాత్రి రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మెట్లమీద, వరండాల్లో, ఎక్కడ చూసినా అట్టపెట్టెలు, బుడగల ప్లాస్టిక్కు. ఒక్కో దుకాణంవాడు పక్కవాడిని అడిగి, వాడు పై అంతస్తులో ఇంకొకడికి ఫోను చేసి, చివరికి ఒక కుర్రవాడు రైటరును చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. డిస్కులు విడివిడిగా, ఒక్కొక్కటి నీలం డబ్బాలో. ఒక్క డిస్కు ధరకు డీవీడీల బొత్తి మొత్తం వచ్చేది. పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. డీవీడీ వెనకవైపు ఊదారంగులో ఉంటుంది కదా, ఇది ముదురు కాఫీ రంగు.

లోపల జరిగేది తెలుసుకున్నాక దాని మీద గౌరవం పెరిగింది. డీవీడీని రాసే ఎర్ర లేజరు అలల పొడవు 650 నానోమీటర్లు. బ్లూ-రేది 405, నీలి ఊదా కాంతి. కలం మొన సన్నబడితే అక్షరాలు చిన్నవై పేజీలో ఎక్కువ పట్టవూ, అలా 12 సెంటీమీటర్ల అదే బిళ్లలో 25 జీబీ పడుతుంది. ఆ సన్నని వెలుగు సరిగ్గా కేంద్రీకరించాలంటే సమాచారపు పొర ఉపరితలానికి దగ్గరగా, మిల్లీమీటరులో పదోవంతు లోతులోనే ఉండాలి. డీవీడీలో అది మందం మధ్యలో ఉంటుంది. అందుకే బ్లూ-రే మీద గీతలు పడకుండా గట్టి పూత పూస్తారు.

రైటరు బిగించాక అసలు పని మొదలైంది. మన కెమెరా సెకనుకు 50 ఫీల్డులు, అంటే సగం గీతలే ఉన్న బొమ్మలు, తీస్తుంది. అమెరికాలో చాలా టీవీలకు ఆ లెక్క పడదు. కాబట్టి ఫీల్డులు కలిపి 25 ఫ్రేములు చేసి, వాటిని 24గా నడిపించాలి. అంటే పెళ్లి నూటికి నాలుగు వంతులు నెమ్మదిస్తుంది, మూడు గంటలది ఏడున్నర నిమిషాలు సాగుతుంది. చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. వినేవాళ్లకు తెలుస్తుందని మా నాన్న నిరూపించారు. కింద కుర్చీలో పేపరు చదువుకుంటూ, “సన్నాయి శ్రుతి దిగింది. ఆయన వాయించింది ఇది కాదు,” అన్నారు. ఆయన ఆ పెళ్లిలో భోజనం చేసి వచ్చిన మనిషి. మరో సాఫ్ట్‌వేరులో శ్రుతి పైకి జరిపి వినిపిస్తే, మళ్లీ పేపరు తెరిచారు. అదే అనుమతి.

ఆ తర్వాత ఎన్‌కోడింగ్, అంటే వీడియోను డిస్కుకు తగ్గట్టు కుదించడం. క్వాడ్ కోర్ ప్రాసెసర్ వేయించుకున్నా, రాత్రి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం దాటేది. మే నెలలో క్యాబినెట్ తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను దానికే తిప్పి పెట్టేవాణ్ణి. నాకు గాలి ఉండేది కాదు. “ఆ పొయ్యి ఎప్పుడు ఆర్పుతావురా?” అని అమ్మ అడుగుతుండేది. చివరికి బీడీఎంవీ అనే ఫోల్డరు, దాని కడుపులో స్ట్రీమ్, దాని కడుపులో ఐదు సున్నాల పేరుతో ఒక పెద్ద ఫైలు. కొత్త పెళ్లికూతురి పేరు అక్కడ సున్నా సున్నా సున్నా సున్నా సున్నా.

*

డిస్కు రైట్ చేసే రాత్రి ఇల్లంతా నిష్ఠలో ఉండేది. రెండో వేగంలో నిండు డిస్కుకు ముప్పావు గంట. నాలుగో వేగం ఉన్నా నేను వాడేవాణ్ణి కాదు, అది నా చాదస్తం. ఆ ముప్పావు గంట మిక్సీ వేయకూడదు, మోటారు వేయకూడదు, ఇస్త్రీపెట్టె ముట్టకూడదు. వీటిలో ఏది నిజంగా డిస్కును పాడు చేస్తుందో నాకూ తెలియదు, అయినా అందరూ పాటించారు.

నిజమైన శత్రువు కరెంటు కోత. 2012 వేసవి గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు కోత వేళలు. యూపీఎస్ పది నిమిషాలు లాగుతుంది, డిస్కుకు నలభై అయిదు కావాలి. కాబట్టి కోత ముగిసి కరెంటు వచ్చిన మరుక్షణం మొదలుపెట్టాలి. వేళలో లేని కోత వస్తే ఏమీ చేయలేం. ఒక రాత్రి తొంభై శాతం దాటాక దీపాలు పోయాయి. యూపీఎస్ కీచుకీచుమని అరుస్తుంటే, శాతం అంకె తొంభై రెండు, తొంభై మూడు అని పాకుతుంటే, నాన్న టార్చి పట్టుకుని నా వెనకే నిలబడ్డారు. తొంభై ఆరు దగ్గర తెర నల్లబడింది. పొద్దున్నే అమ్మ ఆ డిస్కుకు దారం కట్టి పెరట్లో జామచెట్టుకు వేలాడదీసింది. చిలకలు భయపడలేదు గాని ఎండలో అది తిరుగుతుంటే మా గోడ మీద వెలుగు గుండ్రాలు పరుగెత్తేవి. వీధిలో అంత ఖరీదైన దిష్టిబొమ్మ ఇంకెవరికీ లేదని మావయ్య అనేవారు.

డిస్కులు రాయడానికి నేను ఎక్కువగా వాడిన సాఫ్ట్‌వేరు ఇమ్‌గ్‌బర్న్. రాయడం పూర్తయ్యాక అది ట్రేను తానే బయటికి తోసి, మళ్లీ తానే లోపలికి లాక్కుని, రాసిందంతా మొదటినుంచి చదివి సరిచూస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ చేతిలో కాఫీ గ్లాసు తొణికింది, “ఎవరూ ముట్టుకోలేదురా, అదే వచ్చి అదే పోయింది!” అని. సరిచూడటం ముగిశాక చిన్న సంగీతం వాయించేది. ఆ సంగీతం వినబడితే కింద మిక్సీ మొదలయ్యేది.

మా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరుకు ఆ డిస్కు పెడితే ఏమీ కనబడేది కాదు. బ్లూ-రే వాడే యూడీఎఫ్ 2.5 అనే ఫైళ్ల అమరిక దానికి అర్థం కాదు. తానే రాసిన డిస్కును తానే చదవలేని యంత్రం. డల్లాస్ నుంచి ఫోను వచ్చేవరకు మాకు నిద్ర లేదు. పెళ్లికొడుకు ఫోను చేసి మొదట అన్న మాట, “మా అమ్మమ్మ ముక్కుపుడక రాయి కూడా కనబడుతోందండీ.”

*

ఆ తర్వాత ఊళ్లో అందరికీ బ్లూ-రే కావాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే ప్లేయరు ఎవరి దగ్గరా లేదు. వియ్యంకులకు ఇచ్చే పళ్లెంలో నీలం డబ్బా ఉంటే మర్యాద. చూసుకోవడానికి డీవీడీ, దాచుకోవడానికి బ్లూ-రే. బీరువాలో పట్టుచీరల కింద, బంగారు రసీదుల పక్కన అది పడుకునేది. అంత డబ్బు పెట్టలేనివాళ్లకు మరో ఉపాయం ఉండేది. మామూలు డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో హెచ్‌డీ వీడియో రాయవచ్చు, అరగంటకు కొంచెం పైన పడుతుంది, కొన్ని బ్లూ-రే ప్లేయర్లు దాన్ని ఒప్పుకుంటాయి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆ అరగంటలో సర్దేవాణ్ణి. దానికీ ప్లేయరు లేదు, అది వేరే సంగతి.

ఒక పెద్దావిడ స్టూడియోకు వచ్చి రెండు డబ్బాలూ చేత్తో తూచినట్టు పట్టుకుని అడిగింది.

“అబ్బాయీ, ఇందులో ఏది మంచిది?”

“నీలందండీ మామ్మగారూ.”

“మరి ఇది మా టీవీలో ఆడదన్నావు కదా?”

“ఆడదండి. ముందుముందు ఆడుతుంది.”

“ముందుముందు నేనుంటానా? ఆడేదానిలోనే బాగా వచ్చేట్టు చెయ్యి నాయనా.”

ఆమెకు ఇచ్చిన డీవీడీలో తలంబ్రాల దగ్గర మాత్రం బిట్‌రేటు, అంటే సెకనుకు దక్కే మెగాబిట్లు, పెంచి, ఎదురుకోళ్ల దగ్గర బాగా తగ్గించాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

ఈ పని నిలబడింది కొన్నేళ్లే. కానన్ 5డీ మార్క్ 2 లాంటి ఫోటో కెమెరాలతోనే పెళ్లి వీడియోలు తీయడం మొదలైంది, క్యాసెట్టు పోయింది, కార్డు వచ్చింది. పెన్‌డ్రైవ్‌ను టీవీకే గుచ్చి చూడసాగారు. ప్రతి ఇంటా కనబడిన మోజర్ బేర్ డిస్కుల కంపెనీ కూడా 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. 2025 ఫిబ్రవరితో సోనీ రైట్ చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. అదే ప్రకటనలో మినీ డీవీ క్యాసెట్లకూ ముగింపు పలికింది. నా సరంజామా రెండు చివరలూ ఒకేసారి కొట్టేశారన్నమాట. మావయ్య స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది.

అయితే నీలం డబ్బాలు ఈమధ్య ఒక్కొక్కటిగా బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. డీవీడీలు చాలావరకు చదవడం లేదు. వాటిలోది సేంద్రియ రంగు, మన వేడికీ తేమకూ పాడవుతుంది. బ్లూ-రేల్లోనూ అలాంటి రంగుతో చేసిన చవక రకం ఒకటి వచ్చింది, నా అనుభవంలో అవీ మొరాయిస్తున్నాయి. లోహ సంబంధమైన పొర ఉన్న మామూలు రకం మాత్రం నా దగ్గరికి వచ్చినంతవరకు తడబడకుండా చదివింది. అందుకే ‘నాన్న చెత్త’ను లారీ ఎక్కించకుండా నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మొన్న ఫోను చేసింది ఎవరనుకున్నారు? చదివింపుల పుస్తకం వీడియోలో ఉంచమన్న ఆ కుటుంబం. పెళ్లికూతురి తల్లి.

“బాబూ, మా అమ్మాయి పెళ్లి డిస్కు ఉంది, నీలం డబ్బాది. కొరియర్ చేస్తాను, చూసిపెడతావా?”

పాత వీడియో చూసుకోవాలనిపించింది కాబోలు అనుకున్నాను. కాదట. చదివింపుల పుస్తకం చెదలు తినేసింది. వాళ్ల పెదబావగారి మనవరాలి పెళ్లి వచ్చే నెలలో. అప్పట్లో ఆయన ఎంత చదివించారో తెలియకుండా ఎంత పెట్టాలి? తక్కువైతే మాట, ఎక్కువైతే మిగతా బావలకు కోపం.

డిస్కు వచ్చింది. రైటరు కాసేపు గురగురలాడి చదివింది. ఆ భుజం మీదుగా వెళ్లే దృశ్యం దగ్గర ఆపి, ఫ్రేము ఫ్రేముగా జరిపి చూసి ఫోను చేశాను.

“పెదబావగారు 1116 అండి. కింద ఇంకో అయిదుగురివి కనబడుతున్నాయి, రాసుకుంటారా?”

రాసుకున్నారు. తర్వాతి పేజీ కూడా ఉందేమో చూడమన్నారు. పేజీ తిప్పేలోపే కెమెరా భోజనాల వైపు వెళ్లిపోయిందని చెప్పాను.

“ఆ కెమెరా అబ్బాయికి తిండి గోల ఎక్కువని అప్పుడే అనుకున్నాను,” అందావిడ. “సరేలే, మిగతావాళ్లందరికీ 1116 చొప్పున చదివించేస్తాం.”